ఫార్సీల ‘చంద్’ అంటే ఎన్నా, ఎంతనా? డబ్బాల లెక్క అడిగితే ధర చెప్పిండు

పిస్తా_లెక్కలు:

అందరికీ నమస్తే. నేను బేగంబజార్‌ల ఒక డ్రైఫ్రూట్స్ హోల్‌సేల్ దుకాణంల లెక్కలు రాస్త. పిస్తా, కుంకుమపువ్వు, ఖర్జూరం మాకు ఇరాన్ దిక్కుకెల్లి వస్తయి. ఆ దిక్కు వాళ్లతోని మాట్లాడే పని మొన్నటిదాక మా సేటు వాళ్ల మామ చూస్తుండె. ఆయన పోయిన ఏడు కాలం చేసిండు. అప్పటి సంది ఆ పని నా నెత్తిన పడ్డది. బజార్ల ఉర్దూ ఎట్లనో మాట్లాడుత గదా, ఫార్సీ ఎంత దూరమని ఆర్నెల్ల సంది రాత్రిపూట ఆన్‌లైన్‌ల నేర్చుకుంటున్న. చదువుడు పర్వాలే. అడుగుడు కాడనే బోల్తా పడుతున్న.

అయిందేందో చెప్త. మష్హద్ల ఒకాయన దగ్గర పూషాల్ రకం కుంకుమపువ్వు తీసుకుంటం. ఎర్ర పోగుకు కింద జరంత పసుపు ఉంచి కోస్తరు చూడుండ్రి, అది. ఎన్ని డబ్బాలు ఉన్నయో అడగాలె. పుస్తకంల ‘చంద్ అంటే ఎన్ని’ అని ఉన్నది. వాట్సాప్ల ‘పూషాల్ చంద్?’ అని పెట్టిన. ఆయన వాయిస్ పంపిండు: ‘సద్ ఓ హష్తాద్’. నూట ఎనభై! నా సంబురం చూడాలె. సేటుకు చెప్పిన, సేటు ఒక స్వీట్ల దుకాణానికి నలభై డబ్బాలు పంపుతనని మాటిచ్చిండు. తీర సూస్తే ఆయన చెప్పింది ధర. డబ్బాలు ఉన్నయి తొమ్మిదే. స్వీట్ల దుకాణమాయన ఇంక మా ఫోన్ ఎత్తుతలేడు.

ఉర్దూల ‘చంద్ లోగ్’ అంటే కొంతమంది. ఫార్సీ పుస్తకంల చంద్ అంటే ఎన్ని. ఈయన దగ్గర చంద్ అంటే ఎంత. ఒక్క మాటకు మూడు మొకాలా?

ఇంకోటి, ఆ ‘తా’. ఒకసారి ‘దో తా’ అంటరు, ఒకసారి ఉత్త ‘దో’ అంటరు. నేను ‘యెక్ తా’ అన్ననని క్లాసుల అందరు నవ్విన్రు. ‘సె కిలోహా’ అని రాస్తే సార్ ఎర్రపెన్నుతోని ‘హా’ కొట్టేసిండు. మూడు కిలోలు అన్నప్పుడు ‘లు’ ఉండొద్దా మరి? ఎవరన్న తెలిసినోళ్లు జర సమజయ్యేటట్టు చెప్పుండ్రి. వ్యాకరణం పేర్లు వద్దు, కొట్ల కూసొని అర్థం చేసుకునేటట్టు కావాలె.

—

ఇస్ఫహాన్_రోజులు:

చెల్లీ, మీ స్వీట్ల కొట్టాయన సంగతి ఏమోగానీ, నాకు ఇదే ముక్క తిరగేసి జరిగింది. మాది తెనాలి. మావారి ఉద్యోగం మూలంగా ఇస్ఫహాన్‌లో నాలుగేళ్లు ఉన్నాం. వెళ్లిన కొత్తలో నేనూ మీలాగే ‘చంద్ అంటే ఎన్ని, చెఖద్ర్ అంటే ఎంత’ అని బట్టీపట్టి కూరగాయల కొట్టుకి బయల్దేరాను. టమాటాలు చూపించి ‘చెఖద్ర్?’ అన్నాను, ఎంత అని. కొట్టువాడు చాలా మర్యాదగా ‘హర్ చెఖద్ర్ బెఖాహీన్’ అన్నాడు. మీకెంత కావాలంటే అంత, అని! నేనడిగింది ధర, అతనికి వినబడింది తూకం. నా వెనకాల నల్లచాదరు కప్పుకున్న ఒక పెద్దావిడ విసుక్కుని ముందుకొచ్చి ‘గోజె కిలోయీ చంద్?’ అంది. టక్కున ధర చెప్పాడు. ఆ ‘కిలోయీ చంద్’ ఆ రోజునుంచీ నా నాలిక మీదే ఉంది. కిలో ఎంత అని. ఒక్కోటి ఎంత అంటే ‘దూనెయీ చంద్’, మీటరెంత అంటే ‘మెత్రీ చంద్’.

ధర దగ్గర చంద్ ఎందుకొచ్చిందంటే, నాకు తోచింది ఇది. మనం ‘కిలో ఎంత’ అంటాం, డబ్బుని నీళ్లలాగా చూస్తాం. వాళ్లు ‘కిలోకి ఎన్ని’ అంటారు, ఎన్ని తొమాన్లు అని. తొమాన్లు మింగేస్తారు. మీవాడు ‘నూట ఎనభై’ అన్నాడు చూశారూ, అందులో ఇంకోటి కూడా మింగాడు: వెయ్యి. నూట ఎనభై వేల తొమాన్లన్నమాట. మాటల్లో వేలు ఎగిరిపోతాయి. అది చాలదన్నట్టు నోటితో తొమాన్ అంటారు, కాగితం మీద రియాల్ రాస్తారు, పది రియాళ్లు ఒక తొమాన్. మీరు లెక్కలు రాసే మనిషి కాబట్టి ఈ ముక్క గోడకి అంటించుకోండి.

కాబట్టి వస్తువు పేరు చెప్పి ఊరికే ‘చంద్’ అని ఆపేస్తే అది ధరే. లెక్క కావాలంటే ‘తా’ తగిలించాలి. ‘చంద్ తా ఖూతీ దారీన్?’, ఎన్ని డబ్బాలున్నాయి మీ దగ్గర. పుస్తకాల్లో ‘చంద్ కెతాబ్’ అని తా లేకుండా రాస్తారు, తప్పేం కాదు, కానీ నోట్లో తా రాకపోతే వాళ్లకి ఏదో వెలితి.

తా సంగతి నాకు రొట్టెల కొట్టు నేర్పింది. మా సందు చివర సంగక్ కొట్టు. వేడి గులకరాళ్ల మీద పరిచి కాలుస్తారు, రొట్టె మూరెడు పైనే ఉంటుంది, ఒక్కోసారి రాయి అంటుకుని వస్తుంది, కొరికితే పన్ను గోవిందా. దాని ముందు రెండు వరసలు. ఒకటి ‘యె దూనెయీ’ వరస, ఒక్క రొట్టె చాలనేవాళ్లది. రెండోది ‘చంద్‌తాయీ’ వరస, రెండు, మూడు, పది కొనేవాళ్లది. ఒంటిరొట్టె వరస చకచకా కదులుతుంది. నాకు ఈ ఏర్పాటు తెలీదు. పొట్టి వరస చూసి నిలబడి, నా వంతు రాగానే ‘దో తా’ అన్నాను. వెనకాల ఎనిమిదిమంది ఒకేసారి అరిచారు. రొట్టె లేకుండా ఇంటికొచ్చి అన్నం వండుకున్నాం.

కానీ ఆ రెండు వరసల్లోనే మీ ప్రశ్నకి జవాబుంది చూడండి. ఒకటికి ‘యె దూనె’. రెండునుంచీ ‘తా’. ఒకటికి తా తగలదు, అందుకే మీ క్లాసులో నవ్వారు. ఎన్ని అని ఎవరైనా అడిగితే ‘సె’ అని ఊరుకోకండి, ‘సె తా’ అనండి. ఉత్త ‘సె’ అంటే అంకెలు వల్లిస్తున్నట్టుంటుంది, మూడు వస్తువులు కళ్లకి కనబడవు. కిలో, మీటరు, రోజు, సంవత్సరం లాంటి కొలతల పక్కన మాత్రం తా పెట్టకండి, ఆ మాటే కొలత కదా. ‘సె కిలో’, ‘సె రూజ్’, అంతే. కొలతకీ వస్తువుకీ మధ్య కూడా ఏమీ రాదు, ‘దో కిలో పెస్తె’, మన ‘రెండు కిలోల పిస్తా’లోని ‘ల’ లాంటిదేదీ అక్కర్లేదు. అన్నట్టు, రెండున్నర కిలోలకి ‘దో కిలో ఓ నీమ్’ అంటారు, సగం చివరికి పోతుంది. మన కిలోన్నర గుర్తుపెట్టుకుంటే చాలు.

మనుషులకైతే ‘నఫర్’. ‘చంద్ నఫర్?’ అంటే ఎంతమంది, మన ‘మంది’ ఉన్నట్టే. హోటల్లో గుమ్మం దగ్గర అడుగుతారు, ‘చంద్ నఫరీన్?’ మీరెంతమంది? ‘సె నఫరీమ్’, ముగ్గురం. ఆ చివరి ‘ఈమ్’ మన ‘ముగ్గురం’లోని సున్నా చేసే పనే చేస్తుంది. ఇది గమనించిన రోజు మావారిని నిద్రలేపి మరీ చెప్పాను. ఆయన అటు తిరిగి పడుకున్నారు.

ఇక ‘కిలోహా’. అంకె ముందుంటే వెనక మాట ఏకవచనమే, చంద్ తర్వాత కూడా అంతే. వాళ్ల వాదన, అంకె చెప్పేశాక మళ్లీ ‘హా’ దేనికని. ఇస్ఫహాన్‌లో ఊరంతా దీనికి ఉదాహరణలే. జాయందె రూద్ మీద ముప్ఫైమూడు కమానుల వంతెనని ‘సీ ఓ సె పోల్’ అంటారు, ముప్ఫైమూడు వంతెన. ‘హష్త్ బెహెష్త్’ మహల్, ఎనిమిది స్వర్గం. ‘చెహెల్ సొతూన్’ మహల్, నలభై స్తంభం. అక్కడ నిజానికున్నవి ఇరవై కొయ్యస్తంభాలే. మిగతా ఇరవై ఎదురుగా కొలనులో నీడలు. నేను వెళ్లినప్పుడు గాలి వీస్తోంది, నీళ్లు కదులుతున్నాయి, మా అబ్బాయి నీడలు లెక్కపెట్టబోయి పదిహేడు దగ్గర తప్పిపోయాడు. ఇంతదూరం దేనికి, మీ దుకాణానికి కూతవేటు దూరంలో చార్మినార్ లేదూ? నాలుగు మినార్, అంతే. ‘హా’ ఎక్కడైనా ఉందా?

—

ఓరుగల్లు_పిల్లగాడు:

మా వేయిస్తంభాల గుడి గుర్తొచ్చింది అక్కా. మనం ‘స్తంభాల’ అని బహువచనం పెట్టినం, వాళ్లు ‘స్తంభం’ అని ఊకున్నరు. లెక్క విషయంల మాత్రం ఇద్దరం ఒకటే, వెయ్యి ఎవ్వడు లెక్కపెట్టలేదు :)

—

పిస్తా_లెక్కలు:

అక్కా, మీకు వందేళ్లు. ‘ఖూతీ’ ఇప్పుడే డైరీల రాసుకున్న. ఇంక రెండు అడుగుత, ఏమనుకోవద్దు.

పిస్తా బస్తాల మీద ‘ఫందొఖీ 28-30’ అని ఉంటది, ‘అక్బరీ 20-22’ అని ఉంటది. మొదట్ల అది ధర అనుకున్న, తర్వాత తేమ శాతం అనుకున్న. నిన్న సేటు లేని టైంల కుంకుమపువ్వు తూచే చిన్న కాంట మీద పిస్తాలు ఒక్కోటి ఒక్కోటి పెట్టుకుంట పోయిన. ఔన్సు అంటే 28.35 గ్రాములు గదా. అక్కడిదాక వచ్చేసరికి ఫందొఖీవి ఇరవై తొమ్మిది పట్టినయి. అక్బరీవి ఇరవై ఒకటి. అంటే అది ఔన్సుకు ఎన్ని కాయలో ఆ లెక్క! అంకె తగ్గితే కాయ పెద్దగయినట్టు. నేను ఇన్నొద్దులు ముప్ఫై ఉన్నది మంచి సరుకనుకొని సేటుకు చెప్తున్న. మరి ‘ఔన్సుకు ఎన్ని’ అని ఫార్సీల ఎట్ల అడగాలె?

రెండోది, ‘చందొమ్’. ఒక వాయిస్ల ‘ఎమ్రూజ్ చందొమె?’ అన్నడు. ఈరోజు ఎన్ని? అర్థం కాలే.

—

ఇస్ఫహాన్_రోజులు:

కాంటా మీద పిస్తాలు పెట్టిన మీ ఓపికకి దణ్ణం! ‘హర్ ఓన్స్ చంద్ తా?’ అని అడగండి. ‘హర్’ అంటే ప్రతి. దాని వెనక కూడా ఏకవచనమే.

చందొమ్ మాత్రం తెలుగువాళ్లకి కానుక. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్లు దీని దగ్గర ముక్కుతూ మూలుగుతూ ఉంటారు, వాళ్లకి ఈ మాట లేదు. మనకుంది: ఎన్నో. ‘ఎమ్రూజ్ చందొమె?’ అంటే ‘ఈరోజు ఎన్నో తారీఖు?’. మీ నాన్నగారికి మీరు ఎన్నో సంతానం అంటే ‘బచ్చెయె చందొమ్’. ఇంకో సరదా చూడండి. మన ‘ఎన్నో పుస్తకం’ వేరు, ‘ఎన్నో పుస్తకాలు’ వేరు కదా? మొదటిది ‘చందొమీన్ కెతాబ్’, రెండోది ‘చందీన్ కెతాబ్’. రెండు భాషల్లోనూ రెండూ ప్రశ్నమాటలోంచే పుట్టాయి. ఎవరు ఎవర్ని చూసి రాయలేదు.

మీరన్న ఉర్దూ ‘చంద్ లోగ్’ కూడా ఇక్కడ ఇమిడిపోతుంది. ఫార్సీలోనూ ‘చంద్ రూజ్ పీష్’ అంటే కొన్ని రోజుల క్రితం. ప్రశ్నా కాదా అనేది గొంతుని బట్టే తెలుస్తుంది. వాట్సాప్‌లో గొంతుండదు కాబట్టి ప్రశ్నగుర్తు మర్చిపోకండి.

—

తార్నాక_తాత:

నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పాత ఫార్సీ దస్తావేజులు చదివినవాణ్ని. ఈనాటి బజారు ఫార్సీ నాకు రాదు, ఇస్ఫహాన్ అమ్మాయి చెప్పినదానికి నేను కలపగలిగింది తూనికల సంగతే. హైదరాబాదు సర్కారులో 1884 దాకా ఫార్సీయే రాజభాష, కాబట్టి ఇవన్నీ మన కచేరీల్లోనూ రాసినవే.

అమ్మా పిస్తాలూ, రెండు మాటల దగ్గర జాగ్రత్త. ఇరాన్ పాతకాలపు వ్యాపారి ‘సీర్’ అంటే మన సేరు అనుకోకు. వాళ్ల సీర్ 75 గ్రాములు. ‘మన్’ అంటే మణుగు అనుకోకు. తబ్రీజ్ మన్ సుమారు 3 కిలోలు, మన మద్రాసు మణుగు 25 పౌన్లు, అంటే పదకొండు కిలోల పైమాట. విచిత్రమేమంటే, వాళ్ల మన్‌కి 40 సీర్లే, ఉత్తరాదిన మన మణుగుకీ 40 సేర్లే. నిష్పత్తి దారి తప్పలేదు, బరువే తప్పింది. కుంకుమపువ్వు, బంగారం దగ్గర ‘మెస్ఖాల్’ అంటారు, అది 4.608 గ్రాములు. తులం అనుకుని లెక్కేస్తే నీ దుకాణం మూతపడుతుంది.

పాత పట్టీల్లో ఇంకో అందం ఉంది. ఈ ‘తా’ ఒక్కదానితో సరిపెట్టరు. గుర్రానికి ‘రాస్’, అంటే తల. కత్తికి ‘ఖబ్జె’, పిడి అన్నమాట. ఏనుగుకి ‘జంజీర్’, సంకెల. పంజ్ జంజీర్ ఫీల్ అంటే అయిదు సంకెళ్ల ఏనుగు. పుస్తకానికి ‘జెల్ద్’, తివాచీకి ‘తఖ్తె’, చెట్టుకి ‘అస్లె’, బావికి ‘హల్ఖె’. మనిషికి నఫర్ అని అమ్మాయి చెప్పింది, సబబే, కానీ ఒంటెకీ ఖర్జూరపు చెట్టుకీ కూడా నఫరే. ఎడారిలో ఈ ముగ్గురూ లేనిదే బతుకు లేదు కాబట్టి కలిపి లెక్కపెట్టారేమోనని నా ఊహ, రుజువేమీ లేదు. నేను కొత్తలో ‘బీస్త్ నఫర్ షొతొర్’ అని చూసి ఇరవైమంది ఒంటెలవాళ్లు అనుకుని నోట్ రాశాను. పై అధికారి దాని పక్కన ఏమీ రాయకుండా ఒక ఒంటె బొమ్మ గీసి పంపాడు. నలభై ఏళ్లయింది, ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది.

మన తెలుగులో వీటి తోకలు ఎన్ని మిగిలాయో చూసుకో. లెక్కపెట్టడానికి ఫార్సీలో ‘షొమార్’. మన ‘సుమారు’ అదే, కాకపోతే లెక్క కాస్తా మనదాకా వచ్చి ఉజ్జాయింపు అయింది. ఎన్నిసార్లు అనడానికి ‘చంద్ దఫె’ అంటారు, మన దఫా. కాగితాల ‘దస్తా’ కూడా అక్కడిదే. వినాయక చవితికి మీ బేగంబజారులో రసీదు పుస్తకం పట్టుకుని వచ్చే ‘చందా’ ఉంది కదా, అది నువ్వు మొదట అడిగిన ‘చంద్’కి బిడ్డే. కొంత, ఎంతోకొంత, అని.

—

పిస్తా_లెక్కలు:

తాతా, చందా ముక్క సేటుకు చదివి వినిపించిన. ‘అందుకేనా వాళ్లు ఎంత అని చెప్పకుండ వస్తరు’ అన్నడు.

పొద్దుగాల మష్హద్ ఆయనకు పెట్టిన: ‘చంద్ తా ఖూతీ దారీన్? హర్ ఖూతీ చంద్ మెస్ఖాల్?’ కింద విడిగ ‘ఖూతీయీ చంద్?’ ప్రశ్నగుర్తులు మూడుకు మూడు పెట్టిన. అర్ధగంటల వాయిస్ వచ్చింది. డబ్బాలు ‘చెహెల్ ఓ దో తా’, ఒక్కోటి ‘యెక్ మెస్ఖాల్’, ఆఖరుకు ధర. ధర దగ్గర ఈసారి వెయ్యి కూడ పలికిండు, పాపం, నా కోసమే కావచ్చు.

డబ్బాకు 4.608 గ్రాములు, నలభై రెండు డబ్బాలు, మొత్తం 193.536 గ్రాములు. రెండుసార్లు వేసుకున్న. ఇగ స్వీట్ల దుకాణానికి ఫోన్ కొట్టాలె. ఎత్తుతే చెప్త.

—

ఇస్ఫహాన్_రోజులు:

రెండుసార్లు వేసుకున్నారా, మంచిది. వాళ్లు కూడా ఇలాంటి లెక్కకి ‘దో దో తా చహార్ తా’ అంటారు చెల్లీ. రెండు రెళ్లు నాలుగు. చూశారా, అక్కడా తా ఉంది.

—

పిస్తా_లెక్కలు:

ఎత్తిండు. నలభై వద్దట, పన్నెండు చాలట. పన్నెండుకు ‘దవాజ్‌దహ్ తా’ కరెక్టే గదా అక్కా?